చెవితో మొదలైన ప్రేమ: రుక్మిణీ కల్యాణంపై పాఠకుల ప్రశ్నలు

పోయిన నెల ఈ శీర్షికలో పోతన భాగవతంలోని రుక్మిణీ కల్యాణం గురించి ఒక చిన్న పేరా రాశాను. దాన్ని పెళ్లి కుదరడానికి చేసే పారాయణగా మాత్రమే చూడకుండా, ఎడబాటు మీద తెలుగులో వచ్చిన గొప్ప కవిత్వంగా కూడా చదువుకోమని అందులో కోరాను. విశాఖ నుంచీ చుట్టుపక్కల ఊళ్ల నుంచీ దాని మీద ఎన్నో ఉత్తరాలు వచ్చాయి. అందుకే ఈ నెల మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి ఇవే తీసుకున్నాను.

కథ తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. విదర్భ రాజు భీష్మకుడికి ఐదుగురు కొడుకులు, ఒక కూతురు. ఆ కూతురు రుక్మిణి కృష్ణుణ్ణి వలచింది. కృష్ణుడంటే గిట్టని పెద్దన్న రుక్మి, చేది రాజు శిశుపాలుడితో సంబంధం ఖాయం చేశాడు. పెళ్లి దగ్గర పడింది. రుక్మిణి ఒక బ్రాహ్మణుణ్ణి నమ్మి ద్వారకకు సందేశం పంపింది. ఈ నెల ప్రశ్నలన్నీ ఆ సందేశం చుట్టూ, అది పంపాక ఆమె పడిన ఎదురుచూపు చుట్టూ తిరుగుతున్నాయి.

ప్రశ్న: టీచర్ గారూ, నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. సంబంధాలు చూస్తున్నారని మా అమ్మమ్మ రోజూ పొద్దున్నే నా చేత రుక్మిణీ కల్యాణం చదివిస్తోంది. మొదట్లో ఆవిడ కోసమే చదివాను. ఇప్పుడు ‘ప్రాణేశ! నీ మంజుభాషలు’ అనే పద్యం దగ్గరికి వచ్చేసరికి గొంతు పట్టేస్తోంది. ఎందుకో తెలియడం లేదు. అందులో పైకి కనబడనిది ఏమైనా ఉందా? (ఒక పాఠకురాలు, మధురవాడ)

జవాబు: ఉంది అమ్మాయీ. ముందు పద్యం ఇక్కడ రాస్తాను, మిగతా పాఠకులు కూడా పైకి చదువుకోవాలి.

ప్రాణేశ! నీ మంజుభాషలు వినలేని
కర్ణరంధ్రంబుల కలిమి యేల?
పురుషరత్నమ! నీవు భోగింపగా లేని
తనులతవలని సౌందర్యమేల?
భువనమోహన! నిన్ను బొడగానగా లేని
చక్షురింద్రియముల సత్వమేల?
దయిత! నీ యధరామృతం బానగా లేని
జిహ్వకు ఫలరససిద్ధి యేల?
నీరజాతనయన! నీ వనమాలికా
గంధమబ్బలేని ఘ్రాణమేల?
ధన్యచరిత! నీకు దాస్యంబు సేయని
జన్మమేల? యెన్ని జన్మములకు.

వరస చూడు. మొదట చెవి, తర్వాత ఒళ్లు, తర్వాత కన్ను, నాలుక, ముక్కు. ఇది చేతికొచ్చినట్టు పేర్చింది కాదు. శబ్దం, స్పర్శ, రూపం, రసం, గంధం అని మన శాస్త్రాలు చెప్పే వరసే ఇది. ఆకాశానికి శబ్దం, గాలికి స్పర్శ, నిప్పుకు రూపం, నీటికి రసం, భూమికి గంధం. అన్నిటికన్నా సూక్ష్మమైన ఆకాశం దగ్గర మొదలుపెట్టి, మెట్టుమెట్టుగా దిగి, మన కాళ్ల కింద ఉన్న నేల దాకా వచ్చింది పద్యం. అంటే ఆమె కోరిక ఏదో ఒక మూల లేదు. తనను పుట్టించిన పంచభూతాలూ అతణ్ణే అడుగుతున్నాయి. ఐదూ అయిపోయాక ఇంకేం మిగిలింది? జన్మ. ఆరో ప్రశ్న దాని మీద వేసింది.

ఇక చెవి ముందు ఎందుకొచ్చిందంటే, శాస్త్రం వరస అలా ఉండడం ఒక కారణం. కథలోనే ఇంకో కారణం ఉంది, నాకు అదే ఎక్కువ ఇష్టం. రుక్మిణి కృష్ణుణ్ణి అప్పటిదాకా చూడలేదు. తండ్రి ఇంటికి వచ్చిపోయేవాళ్లు అతని రూపం గురించీ, బలం గురించీ, గుణాల గురించీ చెప్పుకుంటుంటే వింది. ఆ వినికిడి మీదే మనసు నిలిపింది. ఆమె ప్రేమ చెవిలో పుట్టింది. కానీ ఇంతకాలం విన్నది ఇతరుల నోటి మాట, అతని గొంతు కాదు. అతని గురించి ఎంతో విన్న చెవే, అతని మాట వినలేదని మొట్టమొదట మొరపెట్టుకుంటోంది. నీ గొంతు పట్టేస్తున్నది ఇక్కడే అనుకుంటాను.

ఇంకొకటి. ప్రతి ప్రశ్నకు ముందూ ఒక పిలుపు ఉంది. ప్రాణేశ, పురుషరత్నమ, భువనమోహన, దయిత, నీరజాతనయన, ధన్యచరిత. ఒక్క పద్యంలో ఆరుసార్లు పిలిచింది, ఏ పిలుపూ రెండోసారి రాలేదు. ఎదురుగా లేని మనిషిని పిలవాలనిపించినప్పుడు మనం చేసేదీ అదే కదా, ఎన్ని పేర్లుంటే అన్ని పేర్లతో పిలుచుకుంటాం.

మీ అమ్మమ్మ గారి మాట కాదనకు. పెళ్లికాని పిల్ల దేవుడి గదిలో కూర్చుని ‘నీ యధరామృతం’ అని గొంతెత్తి చదువుతుంటే మన ఇళ్లలో పెద్దవాళ్లు పక్కనే కూర్చుని విన్నారు, తప్పు పట్టలేదు. నేను ఈ పద్యాలు మా అమ్మ దగ్గరే నేర్చుకున్నాను. విజయనగరంలో మా పెరట్లో ఆవిడ బియ్యం చెరుగుతూ రాగయుక్తంగా పాడేది. చేట ఆగేది కాదు, పాదం చివర ‘ఏల’ దగ్గర మాత్రం చేతులు ఒక్క క్షణం ఆగేవి. ఆ ఆగడం వల్లే ఇది ప్రశ్న అని చిన్నప్పుడే తెలిసింది నాకు.

మీ అమ్మమ్మ గారితో ఒక మాట మాత్రం మెల్లగా చెప్పు. పెళ్లి కుదరాలని నీ చేత చదివిస్తున్నది, అన్న కుదిర్చిన సంబంధాన్ని ఒప్పుకోకుండా తనకు కావలసినవాణ్ణి తానే ఎంచుకున్న పిల్ల కథ. నీకు వచ్చే సంబంధాల్లో నీ మాట కూడా వినమని అడగడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకదు.

ప్రశ్న: నేను ఎం.ఏ. తెలుగు చదువుతున్నాను మేడమ్. ఈ విరహమంతా వ్యాసుడిదా, పోతనదా? తరగతిలో దీని మీద పెద్ద వాదనే జరిగింది. (ఒక విద్యార్థి, ఆంధ్ర విశ్వవిద్యాలయం)

జవాబు: కథ వ్యాసుడిది, ఊపిరి ఇద్దరిదీ. సంస్కృత భాగవతం దశమ స్కంధంలో రుక్మిణి సందేశం ఏడు శ్లోకాలు. అతని గుణాలు చెవుల్లో పడి తాపం తీర్చడం, సింహం వాటా మీద నక్క కన్ను వేయడం, రేపే పెళ్లని చెప్పడం, గౌరి గుడి దగ్గర ఉపాయం, నువ్వు దక్కకపోతే నూరు జన్మలైనా ఎత్తుతానన్న పట్టుదల, ఇవన్నీ అక్కడే ఉన్నాయి. ఇంద్రియాల వరసతో నడిచే ‘ప్రాణేశ!’ పద్యం మాత్రం పోతన పెంచినది. శ్లోకంలో చెవీ కన్నూ ఉన్నాయి, మిగతా మూడింటినీ ఆయనే చేర్చి వరస నిండించాడు.

నేను నీ స్థానంలో ఉంటే పరీక్షలో ఇంకో మార్పు రాస్తాను. మూలంలో ఆ బ్రాహ్మణుడికి పేరు లేదు. పోతన అతనికి అగ్నిద్యోతనుడని పేరు పెట్టాడు. పేరు పెట్టడం వల్ల ఏం జరిగిందో చూడు. తెల్లారితే పెళ్లి, కృష్ణుడు ఇంకా రాలేదు, రుక్మిణి మనసు కుదురుగా లేదు. అప్పుడు ‘బ్రాహ్మణుం డగ్నిద్యోతను డేటికిం దడసె?’ అని అతణ్ణి పేరుతో తలచుకుంటుంది. ఎవరో దూత ఆలస్యం చేశాడనడం వేరు, ఫలానా ఆయన ఇంకా రాలేదేమని దిగులు పడడం వేరు. ఎడబాటులో ఉన్న మనిషికి, తన మాట మోసుకెళ్లినవాడు కూడా సగం ఆప్తుడైపోతాడు.

ప్రశ్న: అమ్మా, ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు తీరిగ్గా భాగవతం చదువుతున్నాను. రుక్మిణి తనను తాను ‘సింహముపాలి సొమ్ము’ అంటుంది. ఆడదాన్ని సొమ్ము అనడం, పైగా ఆమె నోటితోనే అనిపించడం నాకు మింగుడు పడలేదు. ఎత్తుకుపోయి చేసుకునే రాక్షస వివాహం కూడా కోరుకుంటుంది. ఇందులో గొప్ప ఏముంది? మా కోడలు ఇదే అడిగితే జవాబు చెప్పలేకపోయాను. (ఒక పాఠకుడు, గాజువాక)

జవాబు: మీ కోడలు సరైన ప్రశ్నే అడిగిందండీ. పద్యం మొదలు ఇది: ‘శ్రీయుతమూర్తి! యో పురుషసింహమ! సింహముపాలి సొమ్ము గోమాయువు గోరు చందమున మత్తుడు చైద్యుడు...’ సింహానికి చెందవలసిన వాటాను నక్క ఆశించినట్టు శిశుపాలుడు నన్ను కోరుతున్నాడు అంటోంది.

ఆ ఇంట్లో ఆ సమయానికి రుక్మిణిని ఎవరు ఎలా చూస్తున్నారో తలచుకోండి. అన్న ఆమెను ఇచ్చేస్తున్నాడు. తండ్రి కాదనలేకపోయాడు. శిశుపాలుడి వెంట జరాసంధుడు, సాల్వుడు, దంతవక్త్రుడు సేనలతో వచ్చి కుండిన నగరంలో దిగుతున్నారు. వాళ్లందరి లెక్కలో ఆమె సొమ్మే. ఆమె ఆ లెక్కనే తీసుకుని, సొమ్మయితే ఎవరి సొమ్మో చెప్పేది నేను అంటోంది. మాట పాత లోకానిది, నిర్ణయం మాత్రం ఆమెది. ఆ ఉపమానం ఈనాటి చెవికి ఇబ్బందిగానే ఉంటుంది, దాన్ని దాచనక్కర్లేదు. నేను పాఠం చెప్పేటప్పుడు కూడా పిల్లలు అడగకముందే ఆ ఇబ్బంది నేనే ఎత్తేదాన్ని.

అయితే అక్కడే ఆగిపోకండి. రాక్షస వివాహం ప్రస్తావించే పద్యం చివరి దాకా చదవండి.

అంకిలి సెప్పలేదు, చతురంగబలంబులతోడ నెల్లి యో
పంకజనాభ! నీవు శిశుపాల జరాసుతులం జయించి నా
వంకకు వచ్చి రాక్షసవివాహమునన్ భవదీయ శౌర్యమే
యుంకువ జేసి కృష్ణ! పురుషోత్తమ! చేకొనిపొమ్ము వచ్చెదన్.

ఉంకువ అంటే మన ఉత్తరాంధ్ర పల్లెల్లో ఓలి అంటామే, అది. పిల్లను చేసుకోవడానికి మగవాళ్ల వైపు నుంచి ఇచ్చేది. నువ్వు ఇవ్వవలసిన ఓలి నీ శౌర్యమే అంటోంది. తన వెల తానే చెప్పింది, అదీ డబ్బులో చెప్పలేదు. ఇక చివర ఉన్న ‘వచ్చెదన్’ చూడండి. తీసుకుపో, నేను వస్తాను. ఎత్తుకుపోయే పెళ్లిలో పిల్ల ‘వస్తాను’ అని ముందే కబురు పెట్టడం ఎక్కడుందండీ? పేరుకే అది రాక్షసం.

ఇంతకన్నా ముఖ్యమైన ప్రతీక అని నేననుకునేది గౌరి గుడి. ‘అంతఃపురంలో ఉన్న నిన్ను కావలివాళ్లనూ నీ బంధువులనూ చంపకుండా ఎలా తేవడం అనుకుంటావేమో, ఉపాయం చెబుతాను విను’ అని రుక్మిణే అంటుంది. పెళ్లికి ముందు పెళ్లికూతురు ఊరి బయట ఉన్న గౌరికి మొక్కడానికి వెళ్లడం ఆ ఇంటి ఆచారం. ఆ సమయానికి రా అంటుంది. ఇప్పటికీ మన ఇళ్లలో పీటల మీదికి రాకముందు పెళ్లికూతురు చేత గౌరీపూజ చేయిస్తాం కదా. ఏ ఆచారం ఆమెను శిశుపాలుడి దగ్గరికి ఒక్కో అడుగే నడిపిస్తోందో, అదే ఆచారంలో ఆమె తలుపు వెతుక్కుంది. ఆచారం తప్పలేదు, పూజ మానలేదు. ఊరి పొలిమేర దాటే ఆ కాసేపటినే వాడుకుంది. కళ్లు తుడుచుకుంటూ కూర్చున్న మనిషికి తట్టే ఆలోచన కాదిది. విరహమంటే నీరసించి పాన్పు మీద వాలిపోవడమని చాలా కావ్యాలు మనకు అలవాటు చేశాయి. ఇక్కడ కోరిక బుద్ధికి పదును పెట్టింది. మీ కోడలికి ఈ గుడి సంగతి చెప్పి చూడండి.

ప్రశ్న: మా ఆయన సరుకు ఓడలో ఇంజినీరు. ఓడ నడిసముద్రంలో ఉన్నప్పుడు ఒక్కోసారి రోజుల తరబడి మాట ఉండదు. ఆ రోజుల్లో లేనిపోని ఊహలు ముసురుకుంటాయి. తిండి సహించదు. పిచ్చిదాన్నయిపోతున్నానేమో అనిపిస్తుంది. మీరు పోయిన నెల రాసిన ఎదురుచూపు పద్యం ఏది? (పేరు వద్దన్నారు, మల్కాపురం)

జవాబు: తల్లీ, మీరు పిచ్చివాళ్లు కావడం లేదు. ఇదీ ఆ పద్యం.

ఘను డా భూసురు డేగెనో? నడుమ మార్గశ్రాంతుడై చిక్కెనో?
విని కృష్ణుండిది తప్పుగా దలచెనో? విచ్చేసెనో? యీశ్వరుం
డనుకూలింప దలంచునో? తలపడో? యార్యామహాదేవియున్
నను రక్షింప నెఱుంగునో? యెఱుగదో? నా భాగ్య మెట్లున్నదో?

ఆ బ్రాహ్మణుడు వెళ్లాడో లేదో. దారిలో అలసి చిక్కుపడ్డాడో. కృష్ణుడు విని తప్పుగా అనుకున్నాడో. లేక ఇప్పటికే వచ్చేశాడో. దేవుడు కలిసిరానిస్తాడో లేదో. అమ్మవారికి నన్ను కాపాడాలని ఉందో లేదో. నా అదృష్టం ఎలా ఉందో.

అనుమానం ఎక్కడెక్కడికి పోయిందో చూడండి. మొదట దూత మీదికి, తర్వాత దారి మీదికి, తర్వాత ప్రియుడి మీదికి, ఆ తర్వాత దేవుడు, దేవత, చివరికి తన నుదుటి మీదికి వచ్చింది. నడుమ ‘విచ్చేసెనో?’ అని ఒక చిన్న ఆశ. వెలిగి వెంటనే మళ్లీ అనుమానాల్లో కలిసిపోయింది. కబురు అందని మనసు నడిచే దారే ఇది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన ఊరి మీద విరుచుకుపడ్డప్పుడు ఈ పద్యం నాకు అక్షరం అక్షరం అర్థమైంది. పెదవాల్తేరులో మా వీధి పొడుగునా చెట్లు అడ్డంగా పడున్నాయి. కరెంటు లేదు, ఫోన్లు మూగబోయాయి. మా చెల్లెలు భీమిలిలో సముద్రానికి దగ్గర్లో, పైన రేకులున్న ఇంట్లో ఉంటుంది. అటువైపు వెళ్తున్నానన్న పాలబ్బాయికి ఇంటి గుర్తులు చెప్పి, చూసి రమ్మని బతిమాలాను. వాడు వెళ్లాక వసారా కటకటాలు పట్టుకుని నిలబడ్డాను. వెళ్లాడో లేదో. బీచ్ రోడ్డు తెగిపోయి మధ్యలో ఆగిపోయాడో. వెళ్లినా ఇల్లు గుర్తుపట్టలేకపోయాడో. అక్కడిదాకా మనుషుల గురించే ఆలోచించాను. పొద్దు వాలేసరికి సింహాద్రి అప్పన్నకు మొక్కుకోవడం మొదలుపెట్టాను. చీకటి పడ్డాక వాడు సైకిలు నడిపించుకుంటూ వచ్చి, ‘రేకులు లేచిపోయాయమ్మా, మనుషులకేం కాలేదు’ అన్నాడు. ఆ కుర్రాడికి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాను.

రుక్మిణి చేసిందీ అదే. ద్వారక నుంచి తిరిగొచ్చిన బ్రాహ్మణుడితో ‘జలజాతేక్షణు దోడి తెచ్చితివి, నా సందేశముం జెప్పి నన్ నిలువం బెట్టితి, నీ కృపన్ బ్రదికితిన్’ అంటుంది. నువ్వు చేసిన మేలుకు బదులు చేయడం నా చేతకాదు, చేతులు జోడిస్తున్నాను అంటుంది. పక్కన కృష్ణుడు వచ్చి ఉన్నాడు, అయినా ఆమె మొదటి కృతజ్ఞత కబురు తెచ్చినవాడికే.

మీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇంకా ఉంది. ఇక్కడ రుక్మిణి ఇలా వేగిపోతుండగా అక్కడ ద్వారకలో కృష్ణుడు ఏమన్నాడో పోతన మనకు ముందే చెప్పేశాడు. ‘కన్నియమీద నా తలపు గాఢము, కూరుకు రాదు రేయి నా కెన్నడు.’ నాకూ రాత్రిళ్లు నిద్ర లేదు అన్నాడు. శత్రువుల్ని అణచి ఆమెను ఎలా తెస్తానంటే, కట్టెను మథించి నిప్పు పుట్టించినట్టు తెస్తానన్నాడు. కట్టె లోపల నిప్పు పైకి కనిపించదు, లేదని కాదు. వెంటనే రథం కట్టించి, ఒక్క రాత్రిలో విదర్భకు చేరుకున్నాడు. ఇదంతా చదువుతున్న మనకు తెలుసు, రుక్మిణికి తెలియదు. ఎదురుచూసేవాళ్లకు కనిపించేది ఎప్పుడూ తమ వైపు ఉన్న సగమే. మీ ఆయన ఓడ మీద నిద్రపోకుండా గడిపిన రాత్రి మీకు ఎవరూ వచ్చి చెప్పరు. ఈసారి ఇంటికొచ్చినప్పుడు మీరే అడగండి.

తిండి మానకండి. మీ ఉత్తరంలో ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారో లేదో రాయలేదు. ఒంటరిగా ఉంటే ఆ మాటలేని రోజుల్లో పుట్టింటికో, మీలాగే భర్తలు ఓడల మీద ఉన్న స్నేహితురాళ్ల దగ్గరికో వెళ్లండి. దిగులు వారాల తరబడి వదలకపోతే డాక్టరుకు చూపించుకోండి. అందులో చిన్నతనమేమీ లేదు.

ప్రశ్న: రుక్మిణికి ఎడమ కన్ను అదిరిందని ఉంది. ఇది మూఢనమ్మకం కాదా? (ఒక పాఠకుడు, అనకాపల్లి)

జవాబు: ఆడవాళ్లకు ఎడమవైపు అదిరితే శుభమని పాత నమ్మకం. నమ్మాలా వద్దా అన్నది మీ ఇష్టం. కవి దాన్ని ఎక్కడ పెట్టాడో చూడండి చాలు. అనుమానాలన్నీ అయిపోయి ఇక ఆలోచించడానికి ఏమీ మిగలని చోట ఎడమ తొడ, కన్ను, భుజం అదురుతాయి. ఆ వెంటనే బ్రాహ్మణుడు కనిపిస్తాడు. మనసు చేతులెత్తేసిన చోట శరీరం ముందుగా కబురందుకుంది. ఇంద్రియాల పద్యం రాసిన కవి ఆ పని శరీరానికి అప్పగించడం నాకు చాలా సహజంగా అనిపిస్తుంది.

ప్రశ్న: రుక్మిణి విరహం ఎక్కువా, గోపికలదా? మా బళ్లో ‘నల్లనివాడు పద్మనయనంబులవాడు’ పద్యం పిల్లలకు నేర్పుతున్నాను. పిల్లలే అడిగారు ఈ ప్రశ్న. (ఒక ఉపాధ్యాయిని, భీమునిపట్నం)

జవాబు: పిల్లలకు నా దీవెనలు చెప్పండి. తూకం వేయమన్నారు కాబట్టి చెబుతున్నాను, నా మటుకు గోపికలదే ఎక్కువ.

రుక్మిణి విరహానికి ఒక గడువు ఉంది. ‘ఎల్లి’ అని, అంటే రేపని, ఆమే చెప్పి పంపింది. ఒక చిరునామా ఉంది, ద్వారక. మోసుకెళ్లే మనిషి ఉన్నాడు. గోపికలకు ఈ మూడింటిలో ఏదీ లేదు. రాసక్రీడ నడుమ కృష్ణుడు మాయమయ్యాడు. ఎటు పోయాడో తెలియదు. అడగడానికి మనుషులు లేరు. అడవి ఉంది. అందుకని అడవినే అడిగారు.

నల్లనివాడు పద్మనయనంబులవాడు కృపారసంబుపై
జల్లెడువాడు మౌళి పరిసర్పిత పింఛమువాడు నవ్వు రా
జిల్లెడు మోమువాడొకడు చెల్వల మానధనంబు దెచ్చెనో
మల్లియలార! మీ పొదల మాటున లేడు గదమ్మ చెప్పరే!

పద్యం ఎంత తీయగా ఉందంటే దాని అడుగున ఉన్న బాధ ఒక్కోసారి మనకు కనిపించదు. దొంగ పోలికలు చెబుతున్నట్టు మొదలుపెట్టారు. నలుపు, కళ్లు, తల మీద ఈక, నవ్వుమొహం. నడుమ ‘కృపారసం పైన జల్లేవాడు’ అని నోరు జారారు. దొంగను పట్టుకోవాలనుకునేవాళ్లు అతని దయ గురించి చెప్పరు కదా. కోపం నిలబెట్టుకోవాలని చూస్తున్నారు, నిలవడం లేదు. ఇక మల్లెలను ‘గదమ్మ’ అని ఆడవాళ్లుగా పలకరించడం చూడండి. సాటి ఆడవాళ్లయితే తమ బాధ తెలుసుకుని చెబుతారని ఆశ. మల్లెలు చెప్పలేదు. పున్నాగను, తిలకాన్ని, చందనాన్ని కూడా ఇలాగే ఒక్కొక్కటిగా అడిగారు.

అతను మధురకు వెళ్లిపోయాక, ఉద్ధవుడు కబురు తీసుకుని రేపల్లెకు వస్తాడు. అప్పుడు ఒక గోపిక ఉద్ధవుణ్ణి వదిలేసి, కాళ్ల దగ్గరికి వచ్చిన తుమ్మెదతో ‘భ్రమరా! దుర్జనమిత్ర! ముట్టకుము మా పాదాబ్జముల్’ అని మాట్లాడడం మొదలుపెడుతుంది. దూత ఎదురుగా ఉన్నాడు, అయినా తుమ్మెదతో చెప్పుకుంది. ఇన్నాళ్లూ జవాబు చెప్పని వాటితో మాట్లాడీ మాట్లాడీ అలవాటైపోయింది ఆమెకు. నేను ఇలా చదువుకుంటాను. దీని మీద వేదాంతపరంగా చెప్పేవాళ్లు ఇంకా చాలా చెబుతారు, అవీ వినండి.

రుక్మిణికి కృష్ణుడు వచ్చాడు. గోపికల దగ్గరికి తిరిగి రాలేదు. చాలాకాలానికి సూర్యగ్రహణ స్నానాల కోసం అందరూ కురుక్షేత్రంలో శమంతపంచకానికి చేరినప్పుడు కలుస్తారు, మళ్లీ ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోతారు. ఈ సంగతి పిల్లలకు ఇప్పుడే చెప్పాలో లేదో మీకే బాగా తెలుస్తుంది. పద్యం నోటికి వచ్చాక చెప్పండి, తొందర లేదు.

ప్రశ్న: పోతనను చదవాలని ఉంది, సమాసాలు చూస్తే భయం వేస్తోంది. ఎక్కడ మొదలుపెట్టాలి? (ఒక యువకుడు, సీతమ్మధార)

జవాబు: బాబూ, ప్రథమ స్కంధం నుంచి మొదలుపెట్టకు, మధ్యలో ఆగిపోతావు. దశమ స్కంధం పూర్వభాగం చివర్లో రుక్మిణీ కల్యాణం వస్తుంది. అక్కడ సందేశం పద్యాలు తీసుకో. తిరుమల తిరుపతి దేవస్థానం వాళ్లు తాత్పర్యాలతో వేసిన సంపుటాలున్నాయి. ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయంలో భాగవతం అడిగి చూడు, కూర్చుని చదువుకోవచ్చు.

తాత్పర్యం ముందు చదవకు. పద్యాన్ని పైకి, పాదాలు విరవకుండా, పిలుపు దగ్గర కాస్త ఆగుతూ చదువు. ‘ప్రాణేశ!’ అన్నాక ఒక ఊపిరి, ‘ఏల?’ అన్నాక ఒక ఊపిరి. సగం అర్థం అక్కడే అందుతుంది. మిగతా సగానికి తాత్పర్యం చూడు. పొడుగు సమాసం అడ్డొస్తే దాన్ని దాటేసి ముందుకు పో, రెండోసారి వచ్చినప్పుడు విడదీసుకోవచ్చు. రోజుకొక పద్యం చాలు. సందేశం అయ్యాక ‘నమ్మితి నా మనంబున’ అని ఆమె గౌరికి మొక్కుకునే పద్యం వస్తుంది. అందులో ‘అమ్మ’ అన్న పిలుపు మళ్లీ మళ్లీ వినిపిస్తుంది. దాన్ని మాత్రం మీ అమ్మగారికో అమ్మమ్మగారికో వినిపించు. ఆవిడకు అది ముందే నోటికి వచ్చి ఉంటే, ఏ రాగంలో పాడుతుందో నాకు రాయి.